చేసి చూచి వ్రాసిన హత్య

ఇన్‌స్పెక్టర్ మాలకొండయ్యకి కథలంటే గిట్టదు. కథలు రాసేవాళ్ళంటే అసలే గిట్టదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఠాణాలో కూర్చుని దొంగలు చెప్పే కట్టుకథలు వింటున్న మనిషికి, పనిలేక ఇంట్లో కూర్చుని దొంగల మీద కథలు అల్లే మనిషంటే ఒళ్ళు మండక ఏమవుతుంది? అలాంటివాడు ఆత్మకూరు నుంచి టట్టు గుర్రం మీద నడుం విరిగేలా ప్రయాణం చేసి ఉదయగిరి వచ్చింది ఒక కథకుడి మెడకి ఉరితాడు పడకుండా చూడటానికి. తన ఇష్టం మీద రాలేదు లెండి. కేసు కాగితాలు చదివిన నెల్లూరు పోలీసు దొరకి ఎక్కడో అనుమానం తగిలింది. నువ్వు వెళ్ళి చూసిరా అన్నాడు. వచ్చాడు.

ఆ కాగితాల్లో ఉన్నది ఇంతే. ఉదయగిరిలో వరదారెడ్డి అనే మోతుబరి తన పడకగదిలోనే శవమై కనిపించాడు. మెడకి తువ్వాలు బిగించి చంపారు. పొద్దున చూస్తే తలుపుకి లోపల గడియ వేసి ఉంది. ఆయన అన్న కొడుకు వెంకటరమణ తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళాడు. తలుపు లోపలి వైపు బెల్లం మరక, దాని నిండా ఎర్రచీమలు. ఆ బెల్లం సంగతి బయటికి పొక్కగానే ఊరంతా ఒక్క పేరే అంది. కథల కామయ్య పంతులు.

ఎందుకంటే ఆ బెల్లం పంతులు కథలోది. హత్యకి కొన్నాళ్ళ ముందు ఆయన తన ఇంటి అరుగు మీద కొత్త కథ ఒకటి చెప్పాడు. అందులో హంతకుడు పని ముగించుకుని, తలుపుకున్న చెక్క గడియని నిలువుగా పైకెత్తి, గడియకీ తలుపుకీ మధ్య బెల్లం ముద్ద కూరి, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోతాడు. చీమలు వచ్చి బెల్లం తినేస్తాయి. పట్టు వదిలిన గడియ దానంతటదే పడి ద్వారబంధానికున్న ఇనుప కొక్కెంలో కూర్చుంటుంది. చచ్చినవాడు లోపల, గడియ లోపల, చంపినవాడు ఊరవతల. విన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారట. నమ్మకపోవడానికి వీల్లేదు కూడా. కామయ్య పంతులు నెల్లూరులో అచ్చు వేయించే ప్రతి అణా పుస్తకం అట్ట మీదా "చేసి చూచి వ్రాసినది" అని ఉంటుంది. కథలో దొంగ గోడ ఎక్కాడంటే పంతులు ముందే ఎక్కి చూసినట్టు లెక్క. తిరునాళ్ళలో ఆయన పుస్తకాలు బొరుగుల్లా చెల్లిపోవడానికి ఆ ఒక్క మాటే కారణం.

"ఇంతకన్నా ఏం కావాల నీకు?" అన్నాడు ఉదయగిరి ఇన్‌స్పెక్టర్ నారాయణయ్య. ఈయనా మాలకొండయ్యా ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఆనాటి నుంచీ ఒకరు పైకి రావడం ఇంకొకరికి సర్కారు చేసిన పొరపాటులాగే కనిపిస్తోంది. తన కేసు చూడటానికి ఆత్మకూరు నుంచి ఇంకొకడు రావడం నారాయణయ్యకి ఎంత అవమానంగా ఉందో, ఆయన ఇచ్చిన మజ్జిగలో ఉప్పు లేకపోవడం చూసే మాలకొండయ్య కనిపెట్టాడు.

కారణం కూడా ఉందని నారాయణయ్య వివరించాడు. కథలో చచ్చే దుర్మార్గుడు కరువులో ధాన్యం పాతర తెరవనివాడు. బొటనవేలితో మీసం రుద్దుకుంటూ మాట్లాడతాడు. ఊళ్ళో అలా మీసం రుద్దుకునేవాడు వరదారెడ్డి ఒక్కడే. ఆ సంగతి తెలిసిన మర్నాడే రెడ్డి నడిబజార్లో పంతుల్ని చెప్పుతో కొట్టాడు. అది ఊరంతా చూసింది.

మధ్యాహ్నం బండి కట్టి పంతుల్ని నెల్లూరు పంపిస్తానన్నాడు నారాయణయ్య. ఆ ఉత్తర్వు మీద సంతకం అయిపోయింది. ముసలివాణ్ణి అంత దూరం నడిపించకుండా ఊళ్ళోవాళ్ళే దయదలిచి బండి ఇస్తున్నారు. ఇక మాలకొండయ్యకి ఏమైనా అడగాలనుంటే ఆ లోపలే అడుక్కోవాలి. పంతులు నెల్లూరు చేరాక, బెల్లమూ చీమలూ చెప్పుదెబ్బా ఒక్కచోట పేర్చి చూపిస్తే ఏ జడ్జీ రెండో ఆలోచన చెయ్యడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కామయ్య పంతులు ఠాణా గదిలో చాప మీద కాళ్ళు మడుచుకుని, తన అరుగు మీద ఉన్నట్టే కూర్చుని ఉన్నాడు. మాలకొండయ్య ఎదురుగా కూర్చోగానే, "నా పుస్తకాలు ఏమైనా చదివినారా?" అని అడిగాడు. లేదన్నాడు మాలకొండయ్య. హత్యానేరం మోపినప్పుడు కూడా పంతులు ముఖం అంత చిన్నబోయి ఉండదు.

మాలకొండయ్యకి ఒక పద్ధతి ఉంది. నేరం గురించి అడిగితే మనుషులు అబద్ధం చెబుతారు, పని గురించి అడిగితే నిజం చెబుతారు. అందుకని హత్య ఊసెత్తకుండా, కథ ఎలా పుడుతుందో చెప్పమన్నాడు. ఇక చూడండి. పంతులికి చేతులకి బేడీలున్న సంగతే గుర్తు లేకుండా పోయింది.

పొద్దున్నే అంబలి తాగి కొండ మొదలు దాకా నడుస్తాడట. నడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉంటాయి, ఎదురైనవాళ్ళు పలకరిస్తే వినిపించదు. దీపాలు పెట్టే వేళకి అరుగు మీద చేరినవాళ్ళకి ఆ కథ చెబుతాడు. చెప్పేటప్పుడు ముఖాలు చూడడు. మొహమాటానికి ముఖాలు అబద్ధం చెబుతాయట. దవడలు చూస్తాడు. అందరూ తాంబూలం నములుతుంటారు కదా, నమలడం ఆగిన చోటల్లా కథ నిలబడ్డట్టు. ఎవడైనా దగ్గితే ఆ ముక్క కోసెయ్యాల్సిందే. తెల్లవారాక ఆ కథలోని ఎత్తు తన చేత్తో చేసి చూస్తాడు. అది కుదిరాకే కలం పడతాడు. ముగింపు మాత్రం అరుగు మీద ఎన్నడూ చెప్పడు. అది వినేస్తే అణా పెట్టి పుస్తకం ఎవడు కొంటాడు?

"మరి దొంగలూ హంతకులే ఎందుకు? దేవుడి కథలు లేవా?" అన్నాడు మాలకొండయ్య. ఈ ప్రశ్న కేసు కోసం అడిగింది కాదు, తన చిరాకు కొద్దీ అడిగింది.

పంతులు చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. "ధాత సంవత్సరం కరువులో ఈడ గంజి పోసే కాడ జనాన్ని వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. గంజి కాగేదాకా బిడ్డలు ఏడుస్తా ఉంటారు. నేను బడి చెప్పేవాణ్ణి గదా, పలకరించినాను. దేవుడి కథ చెప్తే ఇంకా ఏడ్చినారు. దయ్యం కథ చెప్తే వినలేదు, రోజూ చచ్చేవాళ్ళని చూస్తా ఉండారు, దయ్యం వాళ్ళకి లెక్కా? తెలివైన దొంగ ధాన్యం కొట్టు గడియ ఎట్ల తీసినాడో చెప్పినాను. ఏడుపు ఆగిపోయింది సార్. గంజి వచ్చినా ఇంకొంచెం చెప్పమన్నారు. అప్పుడు పట్టుకున్నాను ఈ పని."

మాలకొండయ్య ఆ కరువులో కలిగిరి వైపు దారి పక్కన శవాలు ఎత్తించినవాడు. మీసం దువ్వుకున్నాడు. కథలు రాసేవాళ్ళ మీద ఆయనకున్న మంట అక్కడే సగం చల్లారిందని ఒప్పుకోవాలి.

"మీ కథ బాగా వినేది ఎవరు?" అని అడిగాడు మళ్ళీ.

వెంకటరమణ, అన్నాడు పంతులు తడుముకోకుండా. చచ్చినాయన అన్న కొడుకే. చిన్నప్పుడు తన దగ్గరే ఓనమాలు దిద్దినవాడు. చిన్నాయన తిడతాడని తెలిసీ రోజూ వచ్చి కూర్చునేవాడు, ఒక్కనాడూ దగ్గి ఎరగడు. అలాంటివాడింట్లో ఇలా జరిగిందే అని పంతులు కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడడిగాడు మాలకొండయ్య. "బెల్లం గడియ ఎత్తు చేసి చూశారా?"

అంతసేపూ ఏటి నీళ్ళలా మాట్లాడిన మనిషి టక్కున ఆగిపోయాడు. చాప పుల్ల ఒకటి గిల్లుతూ, "అట్ట మీద రాసుండాది గదా" అన్నాడు.

"అట్ట సంగతి కాదు. మీరు చేశారా? ఎక్కడ చేశారు? ఎవరు చూశారు?"

పంతులు ఇంకో పుల్ల గిల్లాడు. గుమ్మంలో నిలబడి వింటున్న నారాయణయ్య నవ్వాడు. "నేనూ అదే అడిగినాను మూడు దినాలుగా. నోరు తెరవడు. ఎందుకు తెరుస్తాడు? పరీక్ష చేసింది వరదారెడ్డి తలుపు మీదే గదా."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. పంతులు ఆ ఎత్తు ఎప్పుడూ చేసి చూడలేదంటే అట్ట మీద మాట అబద్ధం. చేసి చూశానంటే ఎక్కడో చూపించాలి. ఏదీ చెప్పకపోతే నారాయణయ్య మాటే నిలుస్తుంది. తన మౌనమే తన మెడకి తాడు పేనుతోందని పంతులికి తెలియక కాదు. అయినా చాప పుల్లే గిల్లుతున్నాడు. మాలకొండయ్యకి ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

సరిగ్గా అప్పుడు పంతులు భార్య ఓబులమ్మ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. ఠాణా వాళ్ళు ఇన్నాళ్ళూ గిన్నె తీసుకుని ఆమెని గుమ్మం బయటినుంచే పంపేస్తున్నారు. ఇవాళ మాలకొండయ్య లోపలికి రమ్మన్నాడు. నారాయణయ్య అన్న చివరి మాట ఆమె చెవిన పడనే పడింది.

"చెప్పలేదా ఇంకా?" అంది మొగుడి వైపు చూసి. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "సామీ, మా పడకటింటి గడియకి పెట్టినాడు ఈయన బెల్లం. చీమలు వచ్చినాయి, నాకినాయి, పోయినాయి. ఈ ముసురుకి బెల్లం నీరుగారి, బంక మాదిరి అతుక్కోని ఎండిపోయింది. గడియ పడేది అట్లుండనీ, లాగినా రాదు. ఆనాటి నుంచి గడియ లేకనే పండుకుంటా ఉండాం. ఇప్పుడొచ్చి పీకినా రాదు, చూసుకోండి."

పంతులు కండువాతో ముఖం కప్పుకున్నాడు. లోపలినుంచి ఏడుపు వినిపించింది. కథ చెప్పేశాడు, ఊరంతా మెచ్చుకుంది, పొద్దున చేసి చూస్తే పనిచెయ్యలేదు. ఇంత పేరు తెచ్చుకుని, కామయ్య పంతులు ఎత్తు పారలేదని ఊళ్ళో ఎలా చెప్పుకోవడం? ఇంకో ఉపాయం దొరికాక కథ మార్చి చెబుదామనుకున్నాడు. ఈలోగా ఇదయింది. చూడండి మరి. హంతకుడన్నా ఓర్చుకున్నాడు, కథ కుదరలేదంటారేమోనని నోరు కుట్టుకుని కూర్చున్నాడు. రాసేవాళ్ళ పిచ్చి ఇంతటిదని మాలకొండయ్యకి అంతవరకూ తెలియదు. కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"పంతులు గారూ, నా మాట వినండి" అన్నాడు. "ఇక సిగ్గుపడితే ప్రాణం పోతుంది. జడ్జి అడిగినా సరే, దారిలో బండివాడు అడిగినా సరే, బెల్లం పనిచెయ్యలేదని చెప్పండి. దాచకండి. మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క మాటే."

పంతులు కండువా తీసి తల ఊపాడు. బరువు దించుకున్న మనిషిలా అన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

*

తను తిరిగొచ్చేదాకా బండి ఆపమని నారాయణయ్యకి మరీ మరీ చెప్పి, మాలకొండయ్య ఆయన్నే వెంటబెట్టుకుని వరదారెడ్డి ఇంటికి బయలుదేరాడు. దారిలో ఇద్దరూ పంతులు ఇంట్లో ఒక్క నిమిషం ఆగారు. నారాయణయ్య నమ్మక, గడియని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. గడియ రాలేదు. చెయ్యి మాత్రం జిగురైంది, ఇంకా మిగిలిన నాలుగు చీమలు కుట్టాయి. తలుపు కొన్నప్పటినుంచీ పాడైపోయి ఉంటుందని గొణిగాడు. ఇంత త్వరగా ఒప్పుకుంటే అతను నారాయణయ్య ఎందుకవుతాడు?

వరదారెడ్డి ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. పడకగదికి హత్య జరిగిన నాటినుంచీ కాపలా పెట్టారు, లోపల ఏదీ కదలలేదు. ఆ ఒక్క విషయానికి నారాయణయ్యని మెచ్చుకోవాలి. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. ఆడవాళ్ళు లోపలి వసారాలో ఉన్నారు.

మాలకొండయ్య ముందు తలుపు దగ్గర కూర్చున్నాడు. తలుపు మీద అరచేయి మేర బెల్లం మరక, ఎండిపోయి నల్లబడి ఉంది. పక్కనే మేకుకి వదులుగా వేలాడుతూ గడియ. గడియని పైకెత్తి నిలువుగా పెట్టాడు. సరిగ్గా మరక మీదికి వచ్చింది. కథలో చెప్పినట్టే. తర్వాత గడియని తిప్పి వెనక వైపు చూశాడు, వేలితో రాశాడు, నాలుక మీద పెట్టుకున్నాడు. నారాయణయ్య ముఖం తిప్పేసుకున్నాడు.

"బెల్లం తలుపుకుంది. గడియకి లేదు" అన్నాడు మాలకొండయ్య.

"చీమలు నాకేసుంటాయి."

"గడియని నాకి, తలుపు మీదది వదిలేశాయా? నీ ఊరి చీమలకి అంత పక్షపాతమా?"

మాలకొండయ్య చెప్పుకుపోయాడు. గడియకీ తలుపుకీ మధ్య బెల్లం కూరితే రెండింటికీ అంటాలి. పంతులు ఇంట్లో అలాగే అంటింది. ఇక్కడ ఎవరో బెల్లం తెచ్చి తలుపుకి పూశారు, అంతే. వాళ్ళు కథ విన్నారు గానీ చేసి చూడలేదు. పంతులు అట్ట మీద ఉన్న మాట నమ్మేశారు. చేసి చూసినవాడు ఈ బెల్లం జోలికి రాడు. ఎత్తు పారదని ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ మొగుడూ పెళ్ళామూ. అంటే ఈ గదిలో బెల్లం పూసినవాడు ఎవడైనా కావచ్చు, కామయ్య పంతులు మాత్రం కాదు.

"సరే. మరి గడియ ఎవరు వేసినారు? లోపల గడియ ఉండాది గదా. వెంకటరమణ తలుపు పగలగొట్టినాడు. కొక్కెం ఊడి వచ్చింది, చూడు" అన్నాడు నారాయణయ్య. గొంతులో వెనకటి ధీమా లేదు.

వీధిలో ఎద్దుల మెడగంటలు వినిపించాయి. బండి ఒకటి ఇంటి ముందునుంచి తూర్పుగా వెళ్ళిపోయింది. నారాయణయ్య ముఖంలో మళ్ళీ కొంచెం వెలుగు వచ్చింది. "నీ పంతులు పోతా ఉండాడు. మధ్యాహ్నం అన్నాను, మధ్యాహ్నమే పంపిస్తా ఉండాను. ముసలోడని ఏమారుతానా? కాలికి గొలుసు వేసి బండి ఇరుసుకే తాళం వేయించినాను. తాళంచెవి ఇదిగో" అని మొలకి కట్టుకున్న తాళంచెవి తట్టి చూపించాడు.

తను తిరిగొచ్చేదాకా ఆగమని అంత చెప్పినా వినలేదని మాలకొండయ్యకి చిర్రెత్తుకొచ్చింది. అయినా, పోతే పోనీ అనుకున్నాడు. బండి ఇవాళ రాత్రికి ఎలాగూ మధ్యలో ఆగుతుంది. నిజం తేలాక గుర్రం మీద వెళ్ళినా అందుకోవచ్చు. మళ్ళీ ద్వారబంధం వైపు తిరిగాడు.

కొక్కెం ఊడి నేల మీద పడి ఉంది. అది ఉన్న చోట, ద్వారబంధం లోపలి ముఖం మీద, చెక్కలో పక్కపక్కనే లోతైన నొక్కులు. గునపం మొన పెట్టి మీటితే పడే నొక్కులు. మాలకొండయ్య వాటిలో వేలు పెట్టి చూశాడు. తర్వాత లేచి గది బయటికి వెళ్ళి, తలుపు మూసి, బయటినుంచి చూశాడు. బయట చెక్క మీద గీత కూడా లేదు. ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి ముఖం మారిపోయి ఉంది.

"నారాయణయ్యా, తలుపు మూసి ఉంది. నువ్వు బయట ఉన్నావు. నీ చేతిలో గునపం ఉంది. లోపలున్న కొక్కేన్ని లోపలి వైపునుంచి ఎలా మీటుతావు?"

నారాయణయ్య నొక్కుల దగ్గరికి వెళ్ళి తనూ వేలు పెట్టి చూశాడు. తలుపు తెరిచాకే, గదిలో నిలబడే, తీరిగ్గా ఎవరో కొక్కెం ఊడదీశారు. అసలు గడియ పడి ఉంటే కదా పగలగొట్టడం.

"గడియ వేసి ఉందని చూసింది ఎవరు?" అన్నాడు మాలకొండయ్య.

"వెంకటరమణ. ఇంకో సాక్షి ఉండాది. దొడ్డి ఊడ్చే మనిషి. ఇద్దరూ కలిసే చూసినారు. నిశానీ కూడా పెట్టింది."

ఆమెని పిలిపించారు. ఆమె పెరట్లోనే ఉంది, పశువుల పాకలో పేడ ఎత్తుతోంది. చేతులు కడుక్కుని వచ్చి వసారా మెట్టు కింద నిలబడింది. నారాయణయ్య ఆమెని ఏదో పాత పేరుతో పిలిచాడు. పోయినేడు బాప్తిస్మం తీసుకున్నప్పుడు మిషన్ దొరసాని లిదియమ్మ అని పేరు పెట్టిందనీ, తన పేరు అదేననీ ఆమె నెమ్మదిగానే అంది. మాలకొండయ్య లిదియమ్మా అనే పిలిచాడు. పైకి రమ్మన్నాడు. ఆమె కదలలేదు. గదిలోకి వచ్చి ఆరోజు తలుపు ఎక్కడ నిలబడి చూసిందో చూపించమన్నాడు.

"నేను గడప దాటను గదా సామీ" అంది లిదియమ్మ. "ఈ ఇంట్లో మమ్మల్ని మెట్టెక్కనీరు. ఈడనే నిలబడినాను. చిన్నరెడ్డి పెరట్లోకి వచ్చి నన్నే పిల్చినాడు, వంటమనిషి ఉండాది, పాలేరు ఉండాడు, నన్నే పిల్చినాడు. చిన్నాయన లేవలేదు, నువ్వు సాక్షి అన్నాడు. తలుపు నెట్టినట్టు చేసినాడు. లోపల గడియ ఉండాది, విన్నావా అన్నాడు. విన్నానన్నాను. పోయి జనాన్ని పిల్చకరా అన్నాడు. వచ్చేసరికి తలుపు తీసుండాది."

"నువ్వు గడియ చూశావా?"

"ఈడనుంచి ఎట్ల కనిపిస్తది సామీ?"

"గునపం ఎక్కడిది?"

"మా దొడ్లోదే. పొద్దున పేడ తీసేదానికి వెతుక్కున్నాను, లేదు. తర్వాత చూస్తే చిన్నరెడ్డి చేతిలో ఉండాది."

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని నారాయణయ్య గద్దించాడు. ఎవరూ అడగలేదంది. కాగితం ముందు పెట్టి నిశానీ పెట్టమన్నారు, పెట్టాను, అంది.

ఇంటినిండా మనుషులుండగా, గడప దాటి వచ్చి తలుపు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేని మనిషినే వెతికి సాక్షిగా నిలబెట్టాడు వెంకటరమణ. ఆ ఆచారం ఊళ్ళో పుట్టిన అందరికీ తెలిసిందే. తెలిసింది కాబట్టే ఎవరికీ తట్టలేదు. నారాయణయ్యకీ తట్టలేదు. ఎందుకు చేశాడో కూడా ఇప్పుడు ఆయనే చెప్పాడు, గొంతు తగ్గించి. పిల్లల్లేని వరదారెడ్డి వచ్చే మాఘంలో బంధువుల పిల్లవాణ్ణి దత్తత తీసుకోబోతున్నాడు. ఆ దత్తత జరిగితే అన్న కొడుక్కి ఈ ఇంట్లో చోటు లేదు.

"ఇప్పుడతను ఎక్కడ?" అన్నాడు మాలకొండయ్య.

నారాయణయ్య మొలనున్న తాళంచెవి పట్టుకున్నాడు. మెట్టు కింద నిలబడ్డ లిదియమ్మే చెప్పింది. "బండి తోలకపోయినాడు గదా సామీ, ఇప్పుడే. పంతుల్ని ఎక్కించుకోని."

బండి ఇస్తామన్న ఊరివాళ్ళు అంటే వెంకటరమణే. చిన్నాయన్ని చంపినోడైనా నాకు అక్షరాలు నేర్పిన పంతులు, నడిపించబాకండి, నేనే తోలతాను అని ఠాణాకి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఎంత మంచివాడని ఠాణా ఠాణా అంతా మెచ్చుకుంది. తోడు ఒక కానిస్టేబుల్‌ని పంపారు.

"బొగ్గేరు దాటాల" అన్నాడు నారాయణయ్య. "పొద్దున్నించీ కొండల్లో వాన. ఏరు వచ్చుంటది. లోతు చూసేదానికి ఒకరు కర్ర పట్టుకోని బండికి ముందు నడుస్తారు. కానిస్టేబులే నడుస్తాడు. ఎనక బండిలో..."

వెనక బండిలో ఇద్దరే ఉంటారు. ఒకడు ఎద్దుల పగ్గాలు పట్టుకున్నవాడు. ఇంకొకాయన కాలికి గొలుసు, గొలుసుకి తాళం, ఆ తాళంచెవి నారాయణయ్య మొలకి వేలాడుతోంది. ఏటి మధ్యలో బండి పక్కకి ఒరిగితే దాన్ని ఎవరూ హత్య అనరు. హంతకుడనే పేరుతోనే పంతులు మునిగిపోతాడు, కేసూ ఆయనతోనే మునిగిపోతుంది.

ఒక్కటే ఆశ అనుకున్నాడు మాలకొండయ్య, పరుగున వీధిలోకి వస్తూ. పంతులు దోషి అని ఊరంతా నమ్ముతున్నంతకాలం వెంకటరమణకి ఆయన్ని చంపే అవసరం లేదు. నెల్లూరులో ఉరితీతే ఆ పని చేసిపెడుతుంది. బెల్లం పనిచెయ్యదన్న మాట ఆయన నోట రానంతవరకూ ప్రాణానికి భయం లేదు. మూడు రోజులు బెదిరించినా సిగ్గుకొద్దీ దాచుకున్న మాటే కదా.

వీధి మలుపులో ఓబులమ్మ ఎదురైంది, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని. ఇన్నాళ్ళకి ఆమె ముఖం తేటగా ఉంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసి చేతులెత్తి దండం పెట్టింది.

"కడుపునిండా తిన్నాడు సామీ, మీ చలవ. బండెక్కేటప్పుడు వెంకటరమణ అడిగినాడు, పంతులూ, ఆ బెల్లం కథ ముగింపు దారిలో చెప్పాల నాకు అని. ఈయన మొగం చూడాల్సింది మీరు. వినేవాడు దొరికినాడు గదా. ఇన్‌స్పెక్టర్ గారు దాచబాకండని చెప్పినారు, నీకు అంతా చెప్తాను, మొదట్నించీ చెప్తాను అన్నాడు. బండి మలుపు తిరగకముందే మొదలుపెట్టినాడు."

వెనకే రొప్పుతూ వచ్చిన నారాయణయ్య తాళంచెవి తెంపి మాలకొండయ్య చేతిలో పెట్టాడు. మాలకొండయ్య గుర్రమెక్కి, బండి వెనకే బొగ్గేటి వైపు ఆత్మకూరు దారి పట్టాడు.